నాలుగు రకాల పొడులు మార్చినా ఫిల్టర్ కాఫీకి రుచి రావడం లేదు

ప్రశ్న: నల్లగొండ నుంచి

మా నాన్నగారు నాగార్జునసాగర్ ప్రాజెక్టులో పనిచేసి పదవీ విరమణ పొందారు. నేను పెరిగిందంతా అక్కడి హిల్ కాలనీలోనే. మా వైపు ఏ ఇంట్లోనైనా పొద్దున లేవగానే పొయ్యి మీద చాయే మరుగుతుంది గానీ, మా ఇంట్లో మాత్రం ఫిల్టర్ కాఫీ ఉండేది. పక్క క్వార్టర్లో ఉన్న తమిళ ఇంజినీరు గారి భార్య దగ్గర మా అమ్మ ఆ పద్ధతి నేర్చుకుంది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. నిరుటి నుంచి నాన్నగారు నల్లగొండలో మా ఇంట్లోనే ఉంటున్నారు. పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం మూడున్నరకు ఒక గ్లాసు మంచి కాఫీ దొరికితే ఆయనకు చాలు. ఆ రెండు గ్లాసులూ ఆయన మెచ్చేలా చేసి ఇవ్వలేకపోతున్నాను.

అమ్మ వాడిన స్టీలు ఫిల్టరే ఇప్పటికీ వాడుతున్నాను. మూడు పెద్ద చెంచాల పొడి నిండుగా వేసి, పైన బిళ్ళతో గట్టిగా అదిమి, మరిగే నీళ్ళు ఒక గ్లాసు పోస్తాను. డికాషన్ దిగడానికి గంటకు పైగా పడుతోంది. రాత్రి పోసి పడుకుంటే తెల్లవారేసరికి కూడా పై గిన్నెలో కొంత నీరు మిగిలిపోతోంది. దిగిన డికాషన్ నల్లగానే ఉంటుంది కానీ అందులో వాసన ఉండదు. తాగితే చేదుగా, చప్పగా, బూడిద కలిపినట్టుగా ఉంటుంది. పాలు కలిపితే ఎర్రని రంగు రాకుండా మట్టి రంగులోకి మారుతుంది. నాన్నగారు ఏమీ అనరు, సగం తాగి గ్లాసు పక్కన పెడతారు.

పొడిలోనే లోపం ఉందనుకుని ఇప్పటికి నాలుగు రకాలు మార్చాను. మొదట 60 పాళ్ళు కాఫీ, 40 పాళ్ళు చికోరీ ఉన్న ప్యాకెట్టు, తరువాత 80కి 20 కలిపినది, ఆ తరువాత చికోరీ లేని అరకు పొడి, చివరకు హైదరాబాద్ నుంచి తెప్పించిన పీబెర్రీ పొడి. ఖరీదు పెరుగుతూ పోయింది, రుచిలో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు.

మా ఇల్లు ఊరి చివర ఉంది. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, వంటకు ఎక్కువగా బోరు నీళ్ళే వాడతాము, తాగడానికి క్యాన్ తెప్పించుకుంటాము. కాఫీకి ఇన్నాళ్ళూ బోరు నీళ్ళే పోస్తున్నాను. పాలు ఇంటికి తెచ్చి పోసే గేదె పాలు. ఏ పొడి కొనాలి, ఏ పాళ్ళలో కలపాలి, నా పద్ధతిలో ఎక్కడ తప్పు జరుగుతోందో తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.


జవాబు 1: సూర్యాపేట నుంచి, కాఫీ పొడి వ్యాపారి

అమ్మా, నేను ఇరవై రెండేళ్ళుగా గింజలు వేయించి పొడి పట్టి అమ్ముతున్నాను. మీరు మార్చిన నాలుగు పొడులలో చివరి మూడూ ఇలా విఫలం కావలసినవి కావు. అందుచేత అసలు కారణం వేరే చోట ఉందని నా అనుమానం. అయినా మీరు పొడి గురించి అడిగారు కనుక ముందు అది చెబుతాను.

మన దగ్గర దొరికే గింజలు రెండు జాతులవి. ఒకటి అరబికా, దానిలో సువాసన, సున్నితమైన పులుపు ఎక్కువ. రెండవది రొబస్టా, దానిలో చేదు, చిక్కదనం, నురుగు ఎక్కువ. కెఫీన్ కూడా అరబికాలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. దుకాణాల్లో వినిపించే 'ప్లాంటేషన్' అనే మాటకు తోటలో పండినదని మాత్రమే అర్థం కాదు. పండు తోలు తీసి, నీటిలో కడిగి ఎండబెట్టిన అరబికాకు ఆ పేరు. అలాగే కడిగిన రొబస్టాను 'పార్చ్‌మెంట్' అంటారు. పండును పండుగానే ఎండబెట్టి తరువాత దంచితే వచ్చేది 'చెర్రీ', ఇది రెండు జాతులలోనూ ఉంటుంది. ఏ, బీ అనే అక్షరాలు గింజ పరిమాణాన్ని చెబుతాయి, రుచిని కాదు. పీబెర్రీ కూడా వేరే జాతి కాదు. మామూలుగా ఒక పండులో బద్దల్లాంటి రెండు గింజలు ఉంటాయి. కొన్ని పండ్లలో ఒక్కటే పెరిగి గుండ్రంగా తయారవుతుంది, దానిని ఏరి వేరుగా అమ్ముతారు. గుండ్రంగా ఉండటం వల్ల అన్ని వైపులా సమంగా వేగుతుంది కాబట్టి నాకు అది ఇష్టమే, కానీ పీబెర్రీ అన్న పేరు చూసి అదనంగా డబ్బు పెట్టవలసిన అవసరం మీ ఇంటి కాఫీకి లేదు.

మన దేశంలో పండే కాఫీలో అధిక భాగం కర్ణాటకదే. చిక్కమగళూరు, కొడగు, హాసన్ జిల్లాల నుంచే మా వంటి వాళ్ళకు గింజలు వస్తాయి. కేరళలోని వయనాడ్‌లో రొబస్టా ఎక్కువ. మన తెలుగువాళ్ళకు అరకు ఉంది. అక్కడి గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది మంచి గింజ. అయితే దానిని చాలామంది లేత వేపుతో అమ్ముతున్నారు. లేతగా వేగిన అరబికా పాలు లేకుండా తాగేవారికి బాగుంటుంది గానీ, చిక్కని గేదె పాలలో పడితే దాని సువాసన మునిగిపోతుంది. పాల కాఫీకి మధ్యస్థం కంటే కొంచెం ముదురుగా వేయించినది కావాలి. గింజ మీద నూనె కారేటంత ముదురైతే మాత్రం మాడు వాసన తప్ప మరేమీ మిగలదు.

చికోరీ గురించి రెండు పక్షాలవారూ అతిగానే మాట్లాడుతుంటారు. అది కల్తీ కాదు, ఒక మొక్క వేరును ఎండబెట్టి వేయించి చేసిన పొడి. దానిలో కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, కొద్దిగా తీపి కలిసిన చేదు ఇస్తుంది. డికాషన్‌ను కొంచెం జిగటగా చేస్తుంది. కాఫీ–చికోరీ మిశ్రమం అని అమ్మేదానిలో కాఫీ కనీసం నూటికి 51 పాళ్ళు ఉండాలనీ, ఎంత కలిపారో ప్యాకెట్టు మీద తెలియజేయాలనీ మన ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి 60కి 40 అన్నది చట్టరీత్యా సరైనదే, కానీ అందులో మీరు తాగేది సగానికి కొంచెం ఎక్కువ కాఫీ మాత్రమే. గేదె పాలతో తాగేవారికి నేను 85కి 15 ఇస్తాను, 80కి 20 దాటనివ్వను. పొట్లంలో చికోరీ ఉందో లేదో తెలుసుకోవాలంటే ఒక గాజు గ్లాసులో చల్లని నీళ్ళు పోసి పైన చిటికెడు పొడి చల్లండి. కాఫీ పైన తేలుతుంది. చికోరీ వెంటనే మునుగుతూ వెనుక గోధుమ రంగు చారలు వదులుతుంది.

మీకు నా సలహా ఇది: ముదురు మధ్యస్థంగా వేయించిన ప్లాంటేషన్ 70 పాళ్ళు, కడిగిన రొబస్టా 15, చికోరీ 15. వేయించిన తేదీ అడిగి కొనండి. తేదీ చెప్పలేని దుకాణంలో కొనకండి. ఒకేసారి 200 గ్రాములకు మించి పొడి పట్టించకండి, ఎందుకంటే పొడి పట్టిన నాటి నుంచి రెండు వారాలలోనే వాసన చాలావరకు పోతుంది.


జవాబు 2: మహబూబ్‌నగర్ నుంచి

అక్కా, బోరు నీళ్ళు మానేసి క్యాన్ నీళ్ళు పోయండి, అంతే సరిపోతుంది. మా ఇంట్లో నీళ్ళు శుద్ధి చేసే మెషిన్ పెట్టించాక కాఫీ, చాయ, పప్పు ఉడకడం అన్నీ మారిపోయాయి. పాలు కూడా ఒక్కసారే కాచినవి వాడండి. పొద్దున కాచి, మధ్యాహ్నం మళ్ళీ కాచి, మీగడ తీసి మళ్ళీ వేడిచేసిన పాలకు ఉడికిన వాసన వస్తుంది, అది కాఫీ వాసనను మింగేస్తుంది.


జవాబు 3: మిర్యాలగూడ నుంచి, విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు

అమ్మా, సూర్యాపేట మిత్రుల అనుమానం సరైనదే. నీళ్ళు మార్చమన్న మహబూబ్‌నగర్ వారి మాట కూడా సరైనదే గానీ అది సగం దూరమే వెళ్ళింది. మీరు చెప్పిన రెండు లక్షణాలు, అంటే డికాషన్ దిగకపోవడం, రుచి చప్పబడటం, ఒకే మూలం నుంచి వచ్చినవని నేను భావిస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఈ జిల్లా పిల్లలకు నీటి కాఠిన్యం పాఠం చెప్పినవాడిని కనుక కొంచెం విస్తరించి రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

డికాషన్‌లో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఉండేది నీరే. అయినా పొడి గురించి ఆలోచించినంతగా మనం నీటి గురించి ఆలోచించము. కాఫీ గింజలో సిట్రిక్, మాలిక్, క్లోరోజెనిక్ వంటి ఆమ్లాలు ఉంటాయి. మనం 'కాఫీకి ప్రాణం' అని చెప్పుకునే చురుకుదనం వాటి వల్లనే వస్తుంది. నీటిలో బైకార్బొనేట్ ఎక్కువగా ఉంటే ఆ నీటికి క్షారత ఎక్కువ, అంటే ఆమ్లాన్ని విరిచే గుణం ఎక్కువ. అటువంటి నీరు పొడి మీద పడగానే ఆ ఆమ్లాలను తటస్థం చేస్తుంది. చేదు మిగులుతుంది, చురుకుదనం పోతుంది. మీరు బూడిద కలిపినట్టుందని రాసిన రుచి ఇదే. మంచి పొడికి ప్రత్యేకత తెచ్చే ఆ సున్నితమైన ఆమ్లాలే విరిగిపోతాయి కాబట్టి, మీ నీళ్ళలో పీబెర్రీకీ చౌక పొడికీ తేడా తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మన జిల్లా నేల అధికభాగం గ్రానైటు రాయి. ఆ రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు రాతిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఎన్ని కుటుంబాలు దాని వల్ల నడుము వంగి, ఎముకలు బిగుసుకుపోయి బాధపడ్డాయో మీకు నేను చెప్పనక్కరలేదు. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడింది, ఆ పేరు మన ఊరికి ఎందుకు వచ్చిందో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. కాఫీ విషయానికి వస్తే, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే బోరు నీటిలో సాధారణంగా సోడియం, బైకార్బొనేట్ కూడా ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటాయి. సోడియం బైకార్బొనేట్ అంటే మన వంటసోడాయే. ఈ రకం నీరు తగిలినప్పుడు పొడి జిగురుగా ఉబ్బి, నీటికి దారి ఇవ్వకుండా అడ్డుపడుతుంది. అదే నీటిలో పప్పు మెత్తగా ఉడుకుతుంది, కాఫీ మాత్రం దిగదు. మీ గిన్నెల అడుగున తెల్లని పొర కూడా గట్టిగా పేరుకుంటుంటే కాల్షియం లవణాలు సైతం ఉన్నట్టే. రెండూ కలిసిన బోర్లు కూడా మన దగ్గర చాలా ఉన్నాయి.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిచేయాలి. నీళ్ళు బాగా మరిగిస్తే అన్నీ పోతాయని చాలామంది నమ్ముతారు. మరిగించినప్పుడు కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు విడిపోయి సున్నంలా అడుగుకు చేరతాయి, దానినే మేము తాత్కాలిక కాఠిన్యం అని పాఠంలో చెబుతాము. సోడియం బైకార్బొనేట్ తెచ్చే క్షారత మరిగినా తగ్గదు. ఫ్లోరైడ్ అసలే పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత కొంచెం పెరుగుతుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తుంది. కాబట్టి రుచి సంగతి అటుంచి, నాన్నగారి వయసు దృష్ట్యా కూడా కాఫీకి బోరు నీళ్ళు వెంటనే ఆపేయండి. కాఫీలో పోసినంత మాత్రాన అది తాగే నీరు కాకుండా పోదు. ఈ సందర్భంలో మరొక మాట. చాయ మొక్క నేల నుంచి ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకులో నిలువ చేసుకుంటుంది. కాఫీ గింజలో అది చాలా స్వల్పం. ఫ్లోరైడ్ నీళ్ళున్న పల్లెలో రోజుకు అయిదారు గ్లాసుల చిక్కటి చాయ తాగేవారు ఈ విషయం తెలుసుకోవడం అవసరం.

మరి క్యాన్ నీళ్ళు ఒక్కటే పోస్తే సరిపోతుందా? సరిపోదని నా అనుభవం. మన వైపు క్యాన్ నీళ్ళలో చాలావాటిలో లవణాలు దాదాపు లేనంతగా తీసేస్తారు. పొడిలోని రుచులను బయటికి లాగడానికి నీటిలో కొద్దిపాటి కాల్షియం, మెగ్నీషియం ఉండాలి. ఏమీ లేని నీటితో చేసిన డికాషన్ పల్చగా, పుల్లగా ఉంటుంది. అంతర్జాతీయ స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ వారు కాఫీ నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గరగా, 75కు తగ్గకుండా, 250కి మించకుండా ఉంటే మంచిదని సూచించారు. మీకు మిషన్ భగీరథ నల్లా రోజు విడిచి రోజు వస్తోంది కదా. నల్లగొండకు వచ్చేది కృష్ణా నీరు. హిల్ కాలనీలో మీ అమ్మగారు కాఫీ పెట్టినదీ ఆ నీటితోనే అయి ఉండాలి. వచ్చిన రోజున రెండు బిందెలు పట్టి మూతపెట్టి ఉంచుకోండి. ఆ నీరు సగం, క్యాన్ నీరు సగం కలపండి. కరిగిన లవణాలను కొలిచే కలంలాంటి చిన్న పరికరం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, ఉంటే మంచిదే. కానీ అది ఫ్లోరైడ్‌ను విడిగా చూపదని గుర్తుంచుకోండి. ఫ్లోరైడ్ సంగతి తెలియాలంటే నీటి పరీక్షా కేంద్రానికే సీసా పంపాలి.

పొడి మార్చకుండా, కొలత మార్చకుండా, ఒక రోజు బోరు నీళ్ళు, మరునాడు క్యాన్ నీళ్ళు, మూడవ నాడు కలిపిన నీళ్ళు పోసి చూడండి. డికాషన్ దిగడానికి పట్టిన సమయాన్ని గడియారం చూసి రాసిపెట్టండి. ఒకేసారి రెండు విషయాలు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.


ప్రశ్నించినవారు: నల్లగొండ నుంచి

సార్, మీరు చెప్పినట్టే చేశాను. పక్కింటివారి దగ్గర కొలిచే పరికరం కూడా దొరికింది. మా బోరు నీరు 1,140, క్యాన్ నీరు 35, నల్లా నీరు 310 చూపించింది. నల్లా, క్యాన్ సగం సగం కలిపితే 170 వచ్చింది. మిగిలి ఉన్న అరకు పొడినే మూడు రోజులూ వాడాను. బోరు నీటితో గంటా పది నిమిషాలు పట్టింది, అప్పటికీ పూర్తిగా దిగలేదు. క్యాన్ నీటితో అరగంట. కలిపిన నీటితో కూడా దాదాపు అంతే, ముప్పై అయిదు నిమిషాలు.

రుచిలో తేడా గడియారం కంటే పెద్దది. క్యాన్ నీటి రోజున మొదటిసారి కాఫీ వాసన వంటింటి గుమ్మం దాటింది, కానీ మీరు హెచ్చరించినట్టే కొంచెం పుల్లగా, పల్చగా ఉంది. మూడవ రోజు నాన్నగారు గ్లాసు ఖాళీ చేసి, 'పొడి మార్చినవా బిడ్డా?' అని అడిగారు. పొడి అదేనని, నీళ్ళే మార్చానని చెప్పాను. ఆయన సాగర్‌లో పైపు నీళ్ళ గురించి చాలాసేపు మాట్లాడారు, అమ్మ గురించి కూడా.

ఇంకా రెండు చిక్కులు ఉన్నాయి. ముప్పై అయిదు నిమిషాలు కూడా ఎక్కువేనా? పాలు కలిపాక కాఫీ ఇంకా నీరసంగా ఎందుకు ఉంది?


జవాబు 4: వనపర్తి నుంచి

చెల్లెమ్మా, మీ ఫిల్టరు సంగతి నేను చెబుతాను. మాది మైసూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. మా అత్తగారి ఇత్తడి ఫిల్టరు ఇప్పటికీ రోజూ వాడుతున్నాము.

మొదటి తప్పు, మీరు పొడిని గట్టిగా అదుముతున్నారు. బిళ్ళ ఉన్నది పొడిని నొక్కడానికి కాదు, పోసిన నీళ్ళు ఒకే చోట గుంట చేయకుండా అంతటా సమంగా పడేలా చూడటానికి. పొడి వేశాక ఫిల్టరును అరచేతితో రెండుసార్లు తట్టి చదును చేసి, బిళ్ళను దాని బరువుతోనే కూర్చోనివ్వండి. రెండవది, ఫిల్టరు కన్నాలను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. ఇన్నేళ్ళ బోరు నీటితో వాటిలో సగమైనా సున్నంతో పూడుకుపోయి ఉంటాయని పందెం కాసి చెప్పగలను. చింతపండు పులుసు చిక్కగా కలిపి, పై గిన్నెను అందులో రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత పళ్ళ బ్రష్షుతో కింది వైపు నుంచి రుద్దండి. పొడి ఇరుక్కున్న కన్నాలు ఇంకా తెరుచుకోకపోతే గిన్నెను బాగా ఆరబెట్టి, పొయ్యి మంట మీద పట్టకారుతో కొన్ని క్షణాలు పట్టుకుంటే లోపల ఇరుక్కున్నది కాలి రాలిపోతుంది. సబ్బుతో రోజూ తోమకండి, వేడినీళ్ళతో కడిగి బోర్లిస్తే చాలు.

మూడవది కొలత. 25 గ్రాముల పొడికి 120 మిల్లీలీటర్ల నీళ్ళు పోయండి. పొడి తన బరువుకు రెట్టింపు నీటిని తనలోనే ఉంచుకుంటుంది కాబట్టి కిందికి 70 మిల్లీలీటర్ల దాకా దిగుతుంది. అది ఇద్దరికి సరిపోయే మొదటి డికాషన్. మీరు గ్లాసు నిండా పోస్తున్నారంటే 200 మిల్లీలీటర్లైనా ఉంటుంది, అందువల్లనే పాలు కలిపాక నీరసంగా ఉంటోంది. నీళ్ళు మరిగాక పొయ్యి ఆర్పి అర నిమిషం ఆగండి. మొదట పొడి తడిసేటన్ని మాత్రమే పోయండి. తాజా పొడి అయితే ఉబ్బి చిన్న బుడగలు వస్తాయి, పాతదైతే చలనం ఉండదు. అర నిమిషం తరువాత మిగిలినవి గుండ్రంగా తిప్పుతూ పోసి మూత పెట్టండి. పదిహేను, ఇరవై నిమిషాలలో దిగాలి. అయిదు నిమిషాలలోపే దిగిపోతే పొడి మరీ బరక అని అర్థం. అరగంట దాటితే మరీ మెత్తగా పట్టారని గానీ, కన్నాలు మూసుకున్నాయని గానీ అర్థం. రెండవసారి నీళ్ళు పోసి తీసిన డికాషన్‌ను మొదటిదానిలో కలపకండి. మా ఇంట్లో దానిని ఎవరూ తాగరు.

పాలు పొంగు వచ్చిన వెంటనే దించి, డికాషన్ ఉన్న గ్లాసులో పోయాలి. డికాషన్‌ను పొయ్యి మీద పెట్టి మరిగించకూడదు. చల్లారితే గిన్నెను వేడినీళ్ళలో ఉంచితే సరిపోతుంది. ముప్పై మిల్లీలీటర్ల డికాషన్‌కు నూరు మిల్లీలీటర్ల పాలు మాకు అలవాటు. గేదె పాలలో వెన్న ఆవు పాలకంటే బాగా ఎక్కువ కదా, కాబట్టి మీ పాలకు డికాషన్ మరో చెంచా పడుతుంది. పాలలో నీళ్ళు కలిపి పల్చన చేయడం కంటే డికాషన్ పెంచడమే నాకు నచ్చుతుంది. చక్కెర గ్లాసులో ముందే వేసి, డికాషన్ పోసి, ఆ పైన పాలు పోస్తే కలపడానికి చెంచా అక్కరలేదు, రెండుసార్లు తిరగబోస్తే నురుగు దానంతట అదే వస్తుంది.


జవాబు 5: సూర్యాపేట నుంచి

నా లెక్కలో ఒక మార్పు చేయాలి. నీళ్ళు బాగుపడ్డాయి కనుక చికోరీ 15 కూడా అవసరం ఉండకపోవచ్చు. బోరు నీళ్ళతో పోయిన చిక్కదనాన్ని పూడ్చుకోవడానికే మన వైపు చాలామంది చికోరీ పెంచుకుంటూ పోయారని, వచ్చినవారికి నేను కూడా అదే అంటగట్టానని సార్ జవాబు చదివాక అర్థమైంది. ఇన్నేళ్ళూ నా దుకాణానికి వచ్చి 'రుచి లేదు' అన్న ఒక్కరినైనా మీ ఇంట్లో ఏ నీళ్ళు వాడతారని అడగలేదు. ఇకమీదట అడుగుతాను. మీరు ప్లాంటేషన్ 75, రొబస్టా 15, చికోరీ 10తో మొదలుపెట్టండి. నాన్నగారికి రాత్రి నిద్ర పట్టడం కష్టమైతే రొబస్టా తీసేసి ఆ 15 పాళ్ళూ ప్లాంటేషన్‌కే కలపండి.

నిలువ గురించి కూడా చెప్పాలి. మన ఎండాకాలంలో వంటింట్లో పొయ్యి పక్కన పెట్టిన పొడి వారంలోనే చచ్చిపోతుంది. బిగుతైన మూత ఉన్న స్టీలు డబ్బాలో, ఇంట్లో చల్లగా, చీకటిగా ఉండే చోట పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీసి వాడితే లోపల తడి పట్టి వాసన పోతుంది. ఫ్రిజ్‌లోని కూరల వాసనను కూడా పొడి పీల్చుకుంటుంది. వీలైతే గింజలే కొని, ఎప్పటికప్పుడు మిక్సీలో అయిదు సెకన్ల చొప్పున ఆపి ఆపి పట్టుకోండి. వరుసగా తిప్పితే మిక్సీ జార్ వేడెక్కి పొడి మాడిన వాసన వస్తుంది. ఇసుక కంటే కొంచెం మెత్తగా, గోధుమ పిండి కంటే బరకగా ఉండాలి.


ప్రశ్నించినవారు: నల్లగొండ నుంచి

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. వనపర్తి అక్క చెప్పినట్టు వెలుతురుకు పెట్టి చూస్తే మూడింట రెండు వంతుల కన్నాలు పూడుకుపోయి ఉన్నాయి. చింతపండు పులుసులో రెండు రాత్రులు నానబెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు పొడి అదమకుండా, 120 మిల్లీలీటర్ల నీటితో డికాషన్ పద్దెనిమిది నిమిషాలలో దిగుతోంది. సూర్యాపేట అన్నగారు చెప్పిన పాళ్ళలో పొడి తెప్పించాను. ఎర్రని రంగు వచ్చింది. నాన్నగారు మధ్యాహ్నం మూడింటికే వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుంటున్నారు.

ఒక్క సందేహం మాత్రం మిగిలింది. వచ్చే నెల పెళ్ళికి నాన్నగారిని తీసుకుని మర్రిగూడ వెళ్ళి నాలుగు రోజులు ఉండాలి. అక్కడ క్యాన్ దొరుకుతుందో లేదో తెలియదు, భగీరథ నల్లా మాత్రం ఉందన్నారు. ఆ నల్లా నీరు ఒక్కటే పోయవచ్చునా?


జవాబు 6: మిర్యాలగూడ నుంచి

నిస్సందేహంగా పోయవచ్చు అమ్మా. అక్కడి నీరు కూడా మీ నల్లా నీటిలాగే 310 దగ్గర ఉంటే, కాఫీకి కొంచెం ఎక్కువే గానీ చెడ్డది కాదు. ఆ నాలుగు రోజులూ పొడి అర చెంచా ఎక్కువ వేయండి, నీళ్ళు బాగా మరిగించి పది నిమిషాలు కదలకుండా ఉంచి, పైనున్న తేట మాత్రమే వంచుకుని మళ్ళీ వేడి చేసి వాడండి. నది నీటిలోని కాల్షియం బైకార్బొనేట్ కొంత అడుగున నిలిచిపోతుంది. నల్లా రాని రోజున పెళ్ళివారు బోరు నీళ్ళు నింపుతారు. అలాంటి రోజున నాన్నగారి కాఫీకీ, తాగడానికీ పనికివచ్చేలా ఇంటి నుంచి ఒక క్యాన్ బండిలో వేసుకుని వెళ్ళండి.